సెలవుల లిస్టు గురించి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీ ఆఫీసులో పద్నాలుగేళ్ళ నుంచి పని చేస్తున్నాను. డిసెంబర్ వచ్చిందంటే చాలు, వచ్చే ఏడాది సెలవుల లిస్టు నా నెత్తిన పడుతుంది. మన సెలవులొక్కటే అయితే పర్లేదు, గోడ మీద క్యాలెండర్ చూసి రాసేయొచ్చు, కానీ అటు దుబాయ్ వాళ్ళు, కొలంబో వాళ్ళు, చైనా వాళ్ళు, ఓడలో వచ్చే సిబ్బందిలో ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఉక్రెయిన్ వాళ్ళు, ఇంత మందికి ఎవరికి ఏ రోజు సెలవో తెలీకపోతే ఓడ ఆగిపోద్ది, డబ్బులు పోతాయి. అందుకని నేర్చుకోక తప్పలేదు. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు, ఇంట్లో చుట్టాలు, అపార్ట్‌మెంట్ వాళ్ళు అందరూ అవే అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా.

మన పండగలు ప్రతి ఏడాదీ డేట్ మారతాయి, సంక్రాంతి మాత్రం ఎందుకు మారదు?

మన పండగల్లో ఎక్కువ శాతం చంద్రుడి తిథిని బట్టి, సంక్రాంతి సూర్యుడిని బట్టి, అంతే తేడా. సూర్యుడు మకర రాశిలోకి వచ్చిన రోజు సంక్రాంతి, ఇంగ్లిష్ క్యాలెండర్ కూడా సూర్యుడి లెక్కే కాబట్టి రెండూ కలిసి నడుస్తాయి, జనవరి 14 లేదా 15 అవుతుంది.

అయితే అస్సలు కదలదు అనుకుంటే పొరపాటు. మన పంచాంగం నక్షత్రాలను బట్టి సూర్యుణ్ణి చూస్తుంది, ఇంగ్లిష్ క్యాలెండర్ రుతువులను బట్టి చూస్తుంది, ఈ రెండిటికీ ఏడాదికి సుమారు 20 నిమిషాల తేడా ఉంది. అది పోగై పోగై దాదాపు 72 ఏళ్ళకి ఒక రోజు అవుతుంది. వివేకానందుడు పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజే. 2024లో చూస్తే సంక్రాంతి 15న వచ్చింది. ఎవరూ గమనించనంత మెల్లగా జరుగుతోందన్నమాట.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, మా ఆఫీసులో ఆ సామెతని లీవ్ లెటర్లో రాసినవాడు కూడా ఉన్నాడు. ఇచ్చాను లీవు.

మరి దీపావళి ఒక ఏడాది అక్టోబర్, ఒక ఏడాది నవంబర్ ఎందుకు?

డేట్లు వరసగా పెట్టి చూడండి, మీకే అర్థమైపోద్ది. 2023లో నవంబర్ 12, 2024లో అక్టోబర్ 31, 2025లో అక్టోబర్ 20, 2026లో నవంబర్ 8. రెండేళ్ళు పదకొండు పన్నెండు రోజుల చొప్పున వెనక్కి, తర్వాత ఒక్కసారి పంతొమ్మిది రోజులు ముందుకి.

చంద్రుడి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే, సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. అలా వదిలేస్తే దీపావళి ఎండాకాలంలోకి జారిపోద్ది. అందుకే రెండేళ్ళ ఎనిమిది నెలలకి అటూ ఇటూగా ఒక నెల ఎక్స్‌ట్రా వేస్తారు, అదే అధికమాసం. ఏ నెల అధికం అనేది ఎవరో కూర్చుని నిర్ణయించేది కాదు, ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్య లోపు సూర్యుడు రాశి మారకపోతే ఆ నెల అధికం. 2023లో శ్రావణం అలా వచ్చింది, 2026లో జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 దాకా.

యూదులది కూడా దాదాపు ఇదే పద్ధతి తెలుసా, పంతొమ్మిదేళ్ళలో ఏడు సార్లు నెల కలుపుతారు. మనకీ పంతొమ్మిదేళ్ళకి ఏడే. ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి వచ్చిన ఒక సర్వేయర్‌కి టీ తాగుతూ అధికమాసం గురించి చెప్తే ఆయన నవ్వి ‘మాకు అదార్ రెండు సార్లు వస్తుంది’ అన్నాడు. మన ఆషాఢమో జ్యేష్ఠమో రెండు వచ్చినట్టే.

రంజాన్ మాత్రం ఎప్పుడూ వెనక్కే ఎందుకు వెళ్తుంది?

ఎందుకంటే అక్కడ అధికమాసం లేదు, ఇస్లాంలో అది నిషేధం. కాబట్టి ఏడాదికి పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ దాదాపు 33 ఏళ్ళకి ఇంగ్లిష్ క్యాలెండర్ మొత్తం ఒక చుట్టు తిరిగి వస్తుంది. చలికాలం ఉపవాసం చూసినవాడే ఎండాకాలం ఉపవాసం కూడా చూస్తాడు. 2030లో అయితే రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబర్లో ఒకసారి మొదలవుతుంది.

ఇంకో సంగతి, మన పంచాంగం తెలిసినవాళ్ళకి ఇది చాలా ఈజీ. ముస్లింల నెల నెలవంక కనపడ్డాక మొదలవుతుంది, నెలవంక కనపడేది మన పాడ్యమి, విదియ సాయంత్రాలకే కదా. అంటే వాళ్ళ ప్రతి నెలా మన శుద్ధ విదియకో తదియకో మొదలైనట్టే. ఊళ్ళల్లో పీర్ల పండగ పదో రోజు అంటే ఏకాదశి, ద్వాదశి ప్రాంతం. 2025లో మార్చి 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్ పండగ, పక్కపక్కన రావడానికి కారణం ఇదే. పైగా మార్చి 31 ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు కూడాను, ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకులు ఆ రోజు తెరిచి ఉంచాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. మూడు రకాల సంవత్సరాలు ఒకే రెండు రోజుల్లో గుద్దుకున్నాయి. మా అకౌంట్స్‌లో పనిచేసే సోదరుడు సేమ్యా డబ్బా పట్టుకొచ్చి మధ్యాహ్నం వరకు కూర్చుని వెళ్ళాడు పాపం, ముందు రోజు ఉగాది పచ్చడి మేం ఆయనకి ఇచ్చాం లెండి.

రంజాన్ డేట్ ముందే ఎందుకు కరెక్ట్‌గా చెప్పలేరు? సౌదీలో మనకంటే ఒక రోజు ముందు ఎందుకు?

నెలవంక కంటికి కనపడితేనే నెల మొదలు, మబ్బు పట్టి కనపడకపోతే ముప్ఫై రోజులు నింపుతారు. అందుకే ప్రభుత్వం లిస్టులో కూడా ముస్లిం పండగలకి ‘నెలవంకను బట్టి’ అని ఉంటుంది. సౌదీ మనకి పడమర కాబట్టి అక్కడ సూర్యుడు అస్తమించే సమయానికి చంద్రుడి వయసు ఇంకొన్ని గంటలు పెరుగుతుంది, కనపడే ఛాన్స్ ఎక్కువ. 2024లో అక్కడ ఏప్రిల్ 10, మనకి 11. 2025లో అక్కడ మార్చి 30, మనకి 31. ఎప్పుడూ ఇలాగే ఉంటుందని గ్యారంటీ ఇవ్వను గానీ, గల్ఫ్‌కి పంపాల్సిన కాగితాలకి నేనైతే రెండు రోజులూ బ్లాక్ చేసేస్తా.

ఇంకోటి, వాళ్ళకి రోజు మొదలయ్యేది సాయంత్రం సూర్యాస్తమయంతో, అర్ధరాత్రితో కాదు. యూదులకీ అంతే, శుక్రవారం పొద్దుగూకగానే శనివారం వచ్చేసినట్టు. మనకేమో సూర్యోదయంతో. అర్ధరాత్రి పన్నెండుకి రోజు మారడం అనేది గడియారం సౌకర్యం, ఈ మూడు లెక్కల్లో ఏదీ కాదు.

ఒకే పండగ ఇద్దరు పంతుళ్ళు రెండు రోజులు చెప్తారేంటి?

ఇది ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో యుద్ధం. తిథి అంటే ఇరవై నాలుగు గంటలు కాదు, చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే టైమ్. ఒకోసారి 19 గంటల్లో అయిపోద్ది, ఒకోసారి 26 గంటలు పడుతుంది. అందుకే తిథి మొదలు మధ్యాహ్నం అవ్వచ్చు, అర్ధరాత్రి అవ్వచ్చు. మరి ఆ పండగ ఏ రోజు? ఇక్కడే అసలు మెలిక, ఒక్కో పండగకి ఒక్కో రూలు. ఉగాదికి సూర్యోదయానికి పాడ్యమి ఉండాలి, వినాయక చవితికి మధ్యాహ్నానికి చవితి ఉండాలి, కృష్ణాష్టమికి అర్ధరాత్రి చూస్తారు, దీపావళికి సాయంత్రం ప్రదోష వేళ అమావాస్య ఉండాలి. 2024లో అమావాస్య అక్టోబర్ 31 మధ్యాహ్నం వచ్చి నవంబర్ 1 సాయంత్రం దాకా ఉంది, దాంతో దేశమంతా రెండు ముక్కలైంది. దానికి తోడు పంచాంగాల్లోనే రెండు రకాలు, పాత సూర్యసిద్ధాంతం లెక్కతో వేసేవి, ఇప్పటి ఖగోళ గణితంతో వేసే దృక్ పంచాంగాలు, రెండిటి మధ్య తిథి గంటల్లో తేడా వస్తుంది. నా సలహా అడిగితే, మీ ఇంటి పంతులుగారు ఏది చెప్తే అది చేసుకోండి, ఆఫీసు సెలవు మాత్రం ప్రభుత్వం జీవో ప్రకారం. ఈ రెండిటినీ కలపాలని చూస్తే మనశ్శాంతి ఉండదు.

అమెరికాలో మా అమ్మాయి వాళ్ళు ఉగాది ముందు రోజే చేసుకున్నారు, తప్పు కాదా?

తప్పు కాదండీ. తిథి మొదలయ్యే క్షణం ప్రపంచమంతా ఒక్కటే, సూర్యోదయం మాత్రం ఎవరి ఊరిది వాళ్ళది. ఉదాహరణకి పాడ్యమి మనకి శనివారం పొద్దున్న 8కి మొదలై ఆదివారం పొద్దున్న 7కి అయిపోయింది అనుకోండి. శనివారం సూర్యోదయానికి పాడ్యమి ఇంకా రాలేదు, ఆదివారం ఆరింటికి ఉంది, కాబట్టి విశాఖలో ఉగాది ఆదివారం. న్యూయార్క్‌లో శనివారం తెల్లవారే సరికి మనకి శనివారం సాయంత్రం నాలుగున్నర, అప్పటికి పాడ్యమి నడుస్తోంది, కాబట్టి వాళ్ళకి ఉగాది శనివారమే. ఇది చెప్పినా మా పెద్దమ్మ ఒప్పుకోలేదు, ‘మనకి రాకుండా వాళ్ళకెలా వస్తాదిరా’ అంటది.

ఇంకో చిన్న విషయం. హైదరాబాద్ క్యాలెండర్లో రాసిన రాహుకాలం మనకి నిమిషాలతో సహా సరిపోదు. విశాఖ హైదరాబాద్ కంటే దాదాపు 5 డిగ్రీలు తూర్పున ఉంది, అంటే సూర్యుడు మనకి సుమారు 19 నిమిషాలు ముందు నడుస్తాడు. దేశానికంతటికీ టైమ్ పెట్టిన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది, అందుకని మన గడియారానికీ మన సూర్యుడికీ తేడా ఏడాది సగటున మూడు నిమిషాలే. దేశంలో ఈ అదృష్టం అందరికీ లేదు.

గుడ్ ఫ్రైడే ఎలా లెక్కేస్తారు? క్రిస్మస్ డిసెంబర్ 25 కాని వాళ్ళు కూడా ఉన్నారా?

ఈస్టర్ కూడా చంద్రుడితో ముడిపడిందే. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారం ఈస్టర్, దానికి ముందు శుక్రవారం గుడ్ ఫ్రైడే. అందుకే అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్య ఎక్కడైనా పడొచ్చు.

క్రిస్మస్ సంగతి ఓడ సిబ్బందితో పనిచేసేవాళ్ళకి బాగా తెలుస్తుంది. పాత జూలియన్ క్యాలెండర్ ఇప్పుడు 13 రోజులు వెనకబడి ఉంది, రష్యా చర్చి ఇంకా దాన్నే పాటిస్తుంది కాబట్టి వాళ్ళ క్రిస్మస్ మన జనవరి 7. ఉక్రెయిన్ 2023లో అధికారికంగా డిసెంబర్ 25కి మారింది. ఒకే ఓడలో ఇద్దరూ ఉంటే వంటవాడికి రెండు క్రిస్మస్‌లు. 2024లో మన దగ్గర ఈస్టర్ మార్చి 31, ఆర్థడాక్స్ వాళ్ళకి మే 5, మళ్ళీ 2025లో ఇద్దరికీ ఏప్రిల్ 20 ఒకటే రోజు. ఇథియోపియా వాళ్ళదైతే ఏకంగా పదమూడు నెలల ఏడాది, పన్నెండు నెలలు ముప్ఫై రోజులు, ఆఖరి నెల అయిదో ఆరో రోజులు, మనకంటే ఏడెనిమిదేళ్ళు వెనక. వాళ్ళు 2000 సంవత్సరం పండగ చేసుకుంది మన 2007 సెప్టెంబర్లో.

ఈ జూలియన్ గొడవకి మూలం 1582లో పోప్ క్యాలెండర్‌ని సరిదిద్దడం. ఆ ఏడాది రోమ్ మాట విన్న దేశాల్లో అక్టోబర్ 4 తర్వాత రోజు అక్టోబర్ 15 అయింది. బ్రిటన్ 1752లో మారింది, సెప్టెంబర్ 2 తర్వాత 14. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ లెక్కల పుస్తకాలు కూడా దాని వెంటే పోయాయి.

ఆదివారం సెలవు మనకెప్పటి నుంచి?

తెల్లవాళ్ళ ఆఫీసులకి ఆదివారం చర్చి కోసం సెలవు. కూలీలకి మాత్రం లేదు. బొంబాయి మిల్లుల్లో నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికుల తరఫున ఏళ్ళ తరబడి అడిగి అడిగి 1890లో సాధించిందే మన ఆదివారం సెలవు.

అంతకు ముందు మన దగ్గర సెలవు లేదా అంటే, ఉంది, వేరే రకంగా. ఇప్పటికీ మా ఇంటి పనికొచ్చే తాపీ మేస్త్రి అమావాస్య రోజు రాడు, ఫోన్ కూడా ఎత్తడు. మంగళవారం సెలూన్ మూసేస్తారు. మన్యం ఊళ్ళల్లో సంత రోజే వారానికి తల, మిగతా రోజులన్నీ సంతకి ముందు, సంతకి తర్వాత. ఎవరి పనికి తగ్గ సెలవు వాళ్ళు పెట్టుకున్నారు, ఆదివారం పై నుంచి వచ్చి కూర్చుంది అంతే.

వారాల పేర్లు ఆ వరసలోనే ఎందుకు?

దీనికి జవాబు హోరల్లో, అంటే గంటల్లో ఉంది. మనకి కనపడే వేగాన్ని బట్టి నెమ్మదైనవాడి నుంచి శని, గురుడు, కుజుడు, సూర్యుడు, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. గంటకొకరి చొప్పున పంచుతారు. ఆదివారం మొదటి గంట సూర్యుడిది, 24 గంటలు తిరిగాక 25వ గంట ఎవరికొస్తుందో లెక్కపెట్టండి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు, అంటే సోమవారం. అక్కణ్ణించి మళ్ళీ మూడు దాటితే కుజుడు, మంగళవారం. రోమ్ వాళ్ళవీ ఇవే పేర్లు, ఇదే వరస. మా అమ్మమ్మ అనే బేస్తవారంలో ఉన్నది బృహస్పతే.

ఏ దేశంలో ఏ రోజు సెలవు? కొంచెం వివరంగా చెప్పండి.

అసలు నేను ఈ పేజీ రాసింది దీని కోసమే.

బంగ్లాదేశ్‌లో శుక్ర, శని. నేపాల్‌లో శనివారం సెలవు, అక్కడ అధికారిక ఏడాది విక్రమ సంవత్, మన ఏప్రిల్ మధ్యలో మారుతుంది. ఇజ్రాయెల్‌లో శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం సాయంత్రం దాకా బంద్, ఆదివారం మామూలు పనిరోజు. బ్రూనైలో ప్రభుత్వ ఆఫీసులకి శుక్రవారం, ఆదివారం సెలవు, మధ్యలో శనివారం పని, అదెలా అలవాటైందో వాళ్ళకే తెలియాలి. పాకిస్తాన్ 1977లో శుక్రవారానికి మారి 1997లో తిరిగి ఆదివారానికి వచ్చేసింది. మలేషియాలో అయితే రాష్ట్రాన్ని బట్టి, కెలంతాన్, తెరెంగాను, కెదాలో శుక్ర-శని, మిగతా చోట్ల శని-ఆది, జొహోర్ 2025 జనవరి 1 నుంచి శని-ఆదికి తిరిగొచ్చింది.

సౌదీ 2013 జూన్ వరకు గురు-శుక్ర, తర్వాత శుక్ర-శని. యూఏఈ 2006 నుంచి శుక్ర-శని ఉండేది, 2022 జనవరిలో శని-ఆదికి మారి శుక్రవారం ప్రభుత్వ ఆఫీసులు మధ్యాహ్నం 12 దాకా మాత్రమే పెట్టింది, షార్జా మాత్రం శుక్ర-శని-ఆది మూడూ సెలవిచ్చేసింది.

ఈ యూఏఈ మార్పే నా కొంప ముంచింది. 2022 మొదట్లో నా ఎక్సెల్‌లో దుబాయ్ ఎదురుగా ఇంకా శుక్ర-శని అనే ఉంది. శుక్రవారం పంపాల్సిన కాగితాలు ‘ఎలాగూ వాళ్ళకి సెలవు కదా, ఆదివారం పొద్దున్నే పంపుదాం’ అని పక్కన పెట్టా. ఆదివారం ఇంట్లో ఇడ్లీ తింటూ ఫోన్లో మెయిల్ కొట్టి గొప్పగా ఫీలయ్యా. అటు నుంచి వెంటనే రిప్లై వచ్చింది, తెరిచి చూస్తే ఆటో రిప్లై, ‘సోమవారం ఆఫీసు తెరుస్తాం’ అని. అంటే శుక్రవారం పొద్దున్న వాళ్ళు కూర్చుని ఉన్నారు, నేనే పంపలేదు. కంటైనర్ మూడు రోజులు కూర్చుంది, దాని అద్దె మా ఆఫీసు కట్టింది, మేనేజర్ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇంకా ఖరీదైన విషయం ఒకటుంది, బల్క్ సరుకు ఓడలకి. బొగ్గు దించడానికి అయిదు రోజులు టైమ్ అని ఒప్పందం రాసుకుంటారు, దాటితే డెమరేజ్, అంటే ఆలస్యానికి ఓడ వాళ్ళకి కట్టే డబ్బు. ఆ అయిదు రోజుల్లో ఆదివారాలు లెక్కలోకి వస్తాయా రావా? షింక్ అని రాస్తే ఆదివారాలు, సెలవులు కూడా లెక్కే. షెక్స్ అని రాస్తే లెక్క కాదు. గల్ఫ్ పోర్టులకి ఎఫ్‌హెక్స్ అని రాసేవాళ్ళు, అంటే శుక్రవారాలు, సెలవులు లెక్క కాదు. షెక్స్‌లో మళ్ళీ ‘అన్‌లెస్ యూజ్డ్’ అని ఒక తోక ఉంటుంది, సెలవు రోజు పని చేస్తే చేసినంత సేపు లెక్కలోకి వచ్చేస్తుంది. ఈ నాలుగైదు అక్షరాల మీద లక్షలు అటూ ఇటూ అవుతాయి. పాత ఒప్పందం కాపీ కొట్టి ఎఫ్‌హెక్స్ అలాగే ఉంచేసి, ఆ దేశంలో సెలవే మారిపోతే ఇక చూడండి తమాషా. అందుకే కొత్త పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే, కాగితంలో ‘వీకెండ్’ అన్న మాట రాయొద్దు, రోజు పేరు, గంట రాయండి.

బ్యాంకులకి రెండు శనివారాలే ఎందుకు? మనకి వారానికి అయిదు రోజులు రాదా?

బ్యాంకులకి రెండో, నాలుగో శనివారం సెలవు 2015 సెప్టెంబర్ 1 నుంచి. దానికి బదులు మిగతా శనివారాలు ఫుల్ డే చేశారు, అంతకు ముందు శనివారం హాఫ్ డే ఉండేది. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకి 1985 నుంచి అయిదు రోజులే. ఫ్యాక్టరీలది వేరే లోకం, 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, వారానికి ఒక రోజు సెలవు అని పెట్టింది. మా పోర్టు రోడ్డులో అయితే ఓడ వచ్చిన రోజే సోమవారం.

మా ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టులు, ఆఫ్ ఎప్పుడూ ఆదివారం రాదు, వేరే దేశాల్లో కూడా ఇంతేనా?

బ్లాస్ట్ ఫర్నేస్‌కి ఆదివారం తెలీదండీ, ఆర్పేస్తే మళ్ళీ వెలిగించడం మహా కష్టం. ఎక్కడైనా ఇంతే. మా బావగారు ముప్ఫై ఏళ్ళు ఏ, బీ, సీ షిఫ్టులు చేశారు, వాళ్ళింట్లో గోడ క్యాలెండర్ మీద ప్రతి గడిలో ఒక అక్షరం రాసి ఉండేది, మా అక్క పెళ్ళిళ్ళకి వచ్చేదీ రానిదీ ఆ అక్షరం చూసే చెప్పేది.

మన ప్లాంట్‌కి సాయం చేసిన సోవియట్ వాళ్ళు ఒకప్పుడు ఇంకా దూరం వెళ్ళారు. 1929లో ఏడు రోజుల వారాన్నే తీసేసి అయిదు రోజులు చేశారు, కార్మికులకి తలో రంగు ఇచ్చి, ఏ రంగు వాళ్ళకి ఆ రోజు సెలవు, మెషిన్లు మాత్రం ఆగవు. మొగుడిది పసుపు, పెళ్ళానిది ఎరుపు అయితే ఇద్దరూ ఇంట్లో కలిసి ఉండే రోజే లేదు. జనం విసిగిపోయారు, 1931 కల్లా ఆరు రోజులకి మార్చారు, 1940లో మళ్ళీ ఏడు రోజుల వారం, ఆదివారం సెలవు. ఫ్రాన్స్ విప్లవం వాళ్ళు 1793లో పది రోజుల వారం పెట్టి చూశారు, తొమ్మిది రోజులు పని చేస్తే ఒక సెలవు అంటే ఎవడు ఒప్పుకుంటాడు, 1806 మొదలయ్యేసరికి అదీ పోయింది.

చైనా న్యూ ఇయర్‌కి అంత భయం ఎందుకు మీకు?

పరవాడ ఫార్మా కంపెనీలకి ముడిసరుకు చాలా అక్కడి నుంచే రావాలి కాబట్టి. కాగితం మీద సెలవు వారం పైచిలుకే ఉంటుంది, నిజానికి కూలీలు ఊళ్ళకి ముందే వెళ్ళిపోయి మెల్లగా తిరిగొస్తారు, మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు. 2025లో జనవరి 29, 2026లో ఫిబ్రవరి 17. ఇంకో చిత్రం, వరుసగా సెలవులు ఇవ్వడానికి ముందో వెనకో శని, ఆదివారాలు పనిరోజులు చేస్తారు. ఆదివారం చైనా నుంచి ఫోన్ వస్తే ఆశ్చర్యపోకండి.

కొలంబో వాళ్ళకి నెలనెలా ఏదో ఒక సెలవు ఉంటుందేంటి?

శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవే, పోయ డే అంటారు. బౌద్ధులు పౌర్ణమి రోజు నియమాలు పాటిస్తారు కదా, అదే. 1966 నుంచి 1971 దాకా ఆదివారం తీసేసి చంద్రుడి పోయ రోజులే వారాంతం చేశారు, మిగతా ప్రపంచంతో వ్యాపారం కుదరక వదిలేశారు. మన తొట్లకొండ మీద, బావికొండ మీద రెండు వేల ఏళ్ళ కింద ఉన్న భిక్షువులకీ పౌర్ణమే పెద్ద రోజు అయ్యుంటుంది. కొలంబో ఏజెంట్‌కి ఫొటో పంపితే, ఈసారి పోయకి అక్కడికే వస్తా అన్నాడు.

ఫిషింగ్ హార్బర్లో సెలవులు ఎలా?

మరబోట్లకి ప్రభుత్వం పెట్టిన పెద్ద సెలవు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14, మొత్తం 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా వేట నిషేధం. ఆ రెండు నెలలు హార్బర్లో వలలు బాగు చేసుకునే చప్పుడే. సెలవు అంటే అందరికీ జీతంతో కాదని గుర్తు చెయ్యడానికి ఇది రాశా.

విశాఖలో లిస్టులో లేని సెలవులు ఏవి?

వైశాఖ శుద్ధ తదియ, సింహాచలం చందనోత్సవం, స్వామి నిజరూపం ఏడాదికి ఆ ఒక్క రోజే. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు, మర్నాడు ఆఫీసులో నడిచేవాళ్ళందరూ కుంటుతూనే వస్తారు. మార్గశిరంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర లైను, పాత ఊరు వైపు మీటింగ్ పెట్టుకోకండి. అక్కడే పోర్టు పక్కన మూడు కొండలు, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. మా కిటికీలోంచి చూస్తే నా లిస్టు మొత్తం అక్కడే కనపడుద్ది.

ఇక వేరే దేశాల్లో మన సెలవుల గురించి, దీపావళి సింగపూర్, మలేషియా, ఫిజీలో సెలవే, మారిషస్‌లో అయితే ఉగాదికి కూడా సెలవు, ఒకప్పుడు మన తీరం నుంచి చెరుకు తోటలకి వెళ్ళినవాళ్ళ పుణ్యం.

ఇవన్నీ కలిపి లిస్టు ఎలా చేస్తారు?

రెండు రంగులు. డేట్ ఖాయమైనవి, జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2, క్రిస్మస్ లాంటివి నలుపు. చంద్రుణ్ణి చూసి చెప్పాల్సినవి పెన్సిల్. ప్రభుత్వం జీవో వచ్చాక పెన్సిల్‌వి దిద్దుతా. తర్వాత ఎవరి పండగ వాళ్ళనే అడుగుతా, గూగుల్‌ని కాదు. మా అకౌంట్స్ సోదరుడు బక్రీద్ చెప్తాడు, కస్టమ్స్ పని చూసే బెంగాలీ ఆవిడ దుర్గాపూజ చెప్తుంది, ఒడియా డ్రైవర్ జూన్‌లో వచ్చే రజ పండగకి నెల ముందే లీవ్ అడుగుతాడు, గురుద్వారా జంక్షన్ దగ్గరుండే సర్దార్జీ గురునానక్ జయంతి కార్తీక పౌర్ణమి అని గుర్తు చేస్తాడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి ఏడాదికి రెండు ఆప్షనల్ సెలవులు ఇస్తారు కదా, మా దగ్గర నేను మూడు పెట్టించా, ఎవరికి కావాల్సినవి వాళ్ళు తీసుకుంటారు, ఎందుకని అడగను.

ప్రతి జనవరి మొదటి వారం ఒక్కో దేశం ఏజెంట్‌కి ఫోన్ చేసి ‘మీ సెలవు రోజులు మారలేదు కదా’ అని కూడా అడుగుతా. దుబాయ్ అతను ఫోన్ ఎత్తగానే నేను నోరు తెరవక ముందే ‘శని, ఆది’ అనేసి నవ్వుతాడు.